పాస్‌పోర్టులో కొత్త ఇంటిపేరు, వీసాలో పాత పేరు

పెళ్లి తర్వాత పాస్‌పోర్టులో పేరు మార్చుకున్న భార్య, పాత పేరుతో అప్పటికే తీసుకున్న వీసా, విదేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి, పనిచేసుకునే కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నింటినీ కొత్త పేరుకు మళ్లీ ముడివేసుకోవాలి. భర్త పేరు మార్చుకున్నా ఇదే తంతు. కానీ మన దగ్గర పెళ్లితో ఇంటిపేరు మారేది ఆడపిల్లకే కాబట్టి ఈ బరువు దాదాపు ఎప్పుడూ ఆమె మీదే పడుతుంది. హెచ్‌1బీ ఉద్యోగి భార్యగా హెచ్‌4 వీసా మీద అమెరికా వెళ్లే అమ్మాయికీ, అమెరికా పౌరుణ్ని పెళ్లాడి గ్రీన్‌కార్డు మీద వెళ్లే అమ్మాయికీ దారులు వేరు, చిక్కు మాత్రం ఒకటే. విమానాశ్రయంలోనైనా, కాన్సులేట్‌లోనైనా అధికారి ముందుగా చూసేది చేతిలోని రెండు కాగితాల మీదా అక్షరాలు ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే. లేనప్పుడు, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని చూపించే మూడో కాగితం కావాలి.

అసలు పేరు మార్చుకోవాలా అన్నది ముందు తేల్చుకోవాలి. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మార్చుకుని తీరాలని చెప్పే చట్టం భారతదేశంలో లేదు. పెళ్లి తర్వాత మహిళలు పాస్‌పోర్టులో పేరు మార్చుకోవలసిన పని లేదని 2017 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ బహిరంగంగానే ప్రకటించారు. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం కూడా ఆ మాట అడగదు. డిపెండెంట్ వీసాకు కావలసింది ఇద్దరూ భార్యాభర్తలన్న రుజువు. ఇద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండటం కాదు. కొన్నిచోట్ల వ్యవహారం ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1981 నుంచి పెళ్లయినా స్త్రీ పుట్టినప్పటి పేరుతోనే తన పౌరహక్కులు వినియోగించుకోవాలి. అయినా మన ఇళ్లలో సంబంధం కుదిరి, అబ్బాయి అమెరికాలో ఉన్నాడనగానే, వీసాకు వెళ్లేముందు అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చాలని ఎవరో ఒకరు చెబుతారు. ఆ సలహాకు చట్టంలో ఆధారం లేదు. ఇష్టంతో మార్చుకోవడం వేరు, వీసా రాదేమోనన్న భయంతో మార్చుకోవడం వేరు.

తెలుగువారి పేరు రాసే పద్ధతికీ పాస్‌పోర్టు ఫారానికీ మొదటి నుంచీ పొత్తు కుదరలేదు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. రోజువారీ వాడుకలో ఆ ఇంటిపేరు కాస్తా ఒక్క పొడి అక్షరమై, దాని పక్కన చుక్క పడుతుంది. బడిలో చేర్చిన రోజున పంతులుగారు రాసుకున్న పేరే పదో తరగతి మెమోలోకి, అక్కణ్నుంచి డిగ్రీ పట్టాలోకి, చివరికి పాస్‌పోర్టులోకి నడుస్తుంది. పాస్‌పోర్టు ఫారంలో మాత్రం రెండే గళ్లు: ఒకటి సర్‌నేమ్, రెండోది గివెన్ నేమ్. పొడి అక్షరాలు అక్కడ చెల్లవు, విడమర్చి రాయాల్సిందే. ఇంటిపేరును సర్‌నేమ్ గడిలో రాస్తే సగం బాధ తీరినట్టే. కానీ చాలామంది తండ్రులు పిల్ల పేరు మొత్తాన్ని, ఇంటిపేరుతో సహా, గివెన్ నేమ్ గడిలోనే రాసి సర్‌నేమ్‌ను ఖాళీగా వదిలేశారు. ఆనాడు అది తప్పని చెప్పినవారు లేరు.

ఆ ఖాళీ గడి ఖరీదు వీసా నాడు తెలుస్తుంది. పాస్‌పోర్టులో ఒక గడిలోనే పేరు ఉంటే అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్‌గా వెళ్లి, గివెన్ నేమ్ స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అన్నదానికి అది పొట్టి రూపం. దాంతో చక్కగా లక్ష్మీప్రసన్న అని పేరున్న అమ్మాయిని అమెరికాలో ఆసుపత్రి రిసెప్షన్‌లో, బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో 'ఎఫ్ఎన్‌యూ' అని పిలుస్తారు. గల్ఫ్‌లో ఈ తంటా మరో రూపంలో వచ్చింది. పాస్‌పోర్టులో ఒకే ఒక్క పదం పేరుగా ఉన్న సందర్శకులను అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరు 21 నుంచి నిబంధన పెట్టింది. ఆ తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబ పేరో ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. కాబట్టి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవారి విషయంలో పేరు సవరణ వేడుక కాదు, అవసరం. పెళ్లి పేరుతో ఎలాగూ పాస్‌పోర్టు మార్చేటప్పుడు ఈ గడిని కూడా సరిచేసుకోవడం తెలివైన పని.

పొడవాటి పేర్లకు ఇంకో ఇబ్బంది ఉంది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదవడానికి వీలుగా రెండు వరుసలుంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించిన కొలత ప్రకారం ఒక్కో వరుసకు 44 స్థానాలు. పై వరుసలో మొదటి 5 స్థానాలు పత్రం రకానికీ, దేశానికీ పోగా పేరుకు మిగిలేవి 39. ఇంటిపేరు, పెట్టిన పేరు, మధ్య మధ్య వచ్చే గుర్తులు అన్నీ వాటిలోనే సర్దుకోవాలి. వెంకట, సత్య, నాగ, సాయి అని మొక్కులన్నీ కలిపి పెట్టిన పేరుకు పెద్ద ఇంటిపేరు తోడైతే చివరి అక్షరాలు తెగిపోతాయి. పుట్టింటి ఇంటిపేరును మధ్య పేరుగా ఉంచుకుని అత్తింటిది చేర్చుకునే అమ్మాయిలు ఈ లెక్క ముందే చూసుకోవాలి. ఇక స్పెల్లింగు. 'సునీత'లో 'త'కు ఇంగ్లిష్‌లో 'టీ' ఒక్కటే రాయాలా, పక్కన 'హెచ్' చేర్చాలా అన్నది మన ఇళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, మెమోలో మరోలా ఉన్న పేరు మీద పెళ్లి మార్పు కూడా వచ్చి పడితే తర్వాత విప్పడం కష్టం. ముందు పాత పేరును అన్నిచోట్లా ఒకే స్పెల్లింగుకు తెచ్చుకుని, ఆ తర్వాతే కొత్త పేరు జోలికి వెళ్లాలి.

భర్త పాస్‌పోర్టును కూడా ఇప్పుడే తీసి చూడాలి. అతని సర్‌నేమ్ గడిలో ఏముంది? నిజంగా ఇంటిపేరే ఉందా, తండ్రి పేరుందా, లేక గడి ఖాళీగా ఉండి అమెరికాలో అతని సొంత పేరే 'లాస్ట్ నేమ్'గా చెలామణీ అవుతోందా? ఇది చూసుకోకుండా భార్య అత్తింటి ఇంటిపేరు పెట్టుకుంటే, ఆమెకొక లాస్ట్ నేమ్, ఆయనకొకటి, అక్కడ పుట్టిన బిడ్డకు మరొకటి అవుతాయి. భర్త పేరుతో కలవాలనే పేరు మార్చుకున్నా ఆ ఫలితం ఆ కుటుంబానికి దక్కదు. బడిలో పిల్లను తీసుకురావడానికి వెళ్లినప్పుడు, పిల్లతో ఒంటరిగా విమానం ఎక్కినప్పుడు తల్లి అని రుజువు చూపాల్సి వస్తుంది.

పేరు మార్పు అంటే భారతీయ పాస్‌పోర్టులో ఒక అక్షరం దిద్దడం కాదు. పాత పుస్తకం రద్దయి, కొత్త నంబరుతో కొత్త పుస్తకం వస్తుంది. దీన్నే రీఇష్యూ అంటారు. దేశంలో ఉన్నవారు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో, అమెరికాలో ఉన్నవారు భారత కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ గ్లోబల్ ద్వారా చేయించుకోవాలి. పెళ్లి వల్ల వచ్చిన మార్పుకు ముఖ్యమైన ఆధారం వివాహ ధ్రువపత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన చట్టం పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేసింది. అది తెలంగాణకూ వర్తిస్తూ వచ్చింది. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లే ఆ పూటే భవిష్యత్తులో రాబోయే కాగితాలన్నింటికీ పునాది పడుతుంది. పత్రంలో వధువు పేరు అప్పటి పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా పడాలి. పెళ్లయిన ఉత్సాహంలో ఆ పత్రంలోనే అత్తింటి ఇంటిపేరు రాయించేవారున్నారు. అప్పుడు ఆ పత్రానికీ, పాత పాస్‌పోర్టుకూ, పదో తరగతి మెమోకూ ఉన్న లంకె తెగిపోతుంది.

ఇక్కడ మన వివాహ పత్రంలోని లోపం ఒకటి చెప్పుకోవాలి. కాలిఫోర్నియా లాంటి అమెరికా రాష్ట్రాల్లో పెళ్లి లైసెన్సు మీదే, పెళ్లి తర్వాత పెట్టుకోబోయే పేరు రాసే గడి ఉంటుంది. అందువల్ల పాత పేరూ కొత్త పేరూ ఒకే కాగితం మీద పక్కపక్కన కనిపిస్తాయి. మన పత్రంలో అలాంటి గడి లేదు. వధువు ఫలానా, వరుడు ఫలానా అని మాత్రమే ఉంటుంది. ఆమె ఇకపై ఏ పేరుతో పిలవబడుతుందో ఉండదు. ఈ ఖాళీని పూడ్చేది కొత్త పాస్‌పోర్టే. దాని చివరి పేజీలో పాత పాస్‌పోర్టు నంబరు, అది జారీ అయిన తేదీ, ఊరు అచ్చవుతాయి. భర్త పేరు కూడా అక్కడే. పాత పుస్తకం, వివాహ పత్రం, కొత్త పుస్తకం ఈ మూడూ పక్కపక్కన పెడితే పుట్టింటి పేరు నుంచి అత్తింటి పేరు దాకా దారి స్పష్టంగా కనిపిస్తుంది. ఇవి కాక, ఫలానా రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ ముందు చేసిన అఫిడవిట్ చాలామంది దగ్గర ఉంచుకుంటారు. అది సాయం చేస్తుంది, కానీ వివాహ పత్రానికి బదులు కాదు.

పేరు మార్పు ఎప్పుడు చేయాలన్నదే ఈ వ్యవహారంలో అన్నింటికన్నా బరువైన నిర్ణయం. మంచి సమయాలు రెండే. ఒకటి, పెళ్లి నమోదు కాగానే, వీసా ఫారం నింపకముందు. రెండోది, విదేశంలో కాస్త కుదురుకున్నాక పాస్‌పోర్టు గడువు ఎలాగూ ముగిసే వేళ. దరఖాస్తు ఒకటి నడుస్తుండగా మధ్యలో మార్చడమే అన్ని అనర్థాలకూ మూలం. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో పాస్‌పోర్టు నంబరు, పేరు రెండూ ఉంటాయి. అపాయింట్‌మెంట్ కూడా ఆ వివరాల మీదే పడుతుంది. ఫారం నింపాక కొత్త పాస్‌పోర్టు వస్తే మళ్లీ ఫారం నింపి, అపాయింట్‌మెంట్ వివరాలు సరిచేసుకోవాలి. లేదంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ గేటు దగ్గరే కాగితాలు కలవక వెనక్కి తిరగాల్సి రావచ్చు. ఇదే ఫారంలో, ఇంతకుముందు మరేదైనా పేరు వాడారా అన్న ప్రశ్న ఉంటుంది. పెళ్లికి ముందు పేరు అక్కడ రాయాలి. దాచడానికి కారణం లేకపోయినా కంగారులో 'లేదు' అని టిక్కు పెట్టేవారున్నారు. వేలిముద్రలతో పాత రికార్డు బయటపడ్డప్పుడు ఆ 'లేదు' అనుమానానికి తావిస్తుంది. సొంత లిపిలో పూర్తి పేరు రాయమని కూడా ఆ ఫారం అడుగుతుంది. తెలుగు అక్షరాల్లో తన పేరు రాసుకునే అవకాశం ఈ ప్రయాణం మొత్తంలో అమ్మాయికి దొరికేది బహుశా అక్కడొక్కచోటే.

వీసా స్టాంపింగ్ అయిపోయాక పేరు మార్చుకుంటే? పాత పాస్‌పోర్టు రద్దయినా అందులోని అమెరికా వీసా రద్దు కాదు. గడువు ఉండి, చిరగకుండా, చెరగకుండా ఉంటే పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ చేతపట్టుకుని ప్రయాణించవచ్చు. గడువు ముగిసి, అదే పేరుతో కొత్త పుస్తకం తీసుకున్నవారికి ఇది ఏ ఇబ్బందీ లేని మార్గం. పేరే మారినవారికి మాత్రం, కొత్త పాస్‌పోర్టుతో కొత్త వీసా తీసుకోవడం మంచిదని అమెరికా విదేశాంగ శాఖే సూచిస్తుంది. కొత్త వీసా దొరికేలోగా వెళ్లక తప్పనివారు రెండు పాస్‌పోర్టులతోపాటు వివాహ పత్రం అసలు ప్రతిని చేతి సంచిలో పెట్టుకోవాలి, పెద్ద సూట్‌కేసులో కాదు. టికెట్ మీద పేరు కొత్త పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. శంషాబాద్‌లో విమాన సంస్థ కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగికి ఇమిగ్రేషన్ చట్టం తెలియకపోవచ్చు. వీసా మీద ఒక పేరు, టికెట్ మీద మరో పేరు చూసి ఆపుతాడు. అతనికి ఓపికగా చూపించడానికే ఆ మూడు కాగితాలు.

అమెరికాలో దిగాక అసలైన అనుమతి వీసా కాదు, ఐ-94 అనే రికార్డు. వీసా తలుపు దాకా తీసుకొస్తుంది. లోపల ఎన్నాళ్లుండవచ్చో చెప్పేది ఐ-94. విమానంలో వచ్చినవారికి ఇది 2013 నుంచి కాగితం రూపంలో కాక కంప్యూటర్‌లోనే నమోదవుతోంది. కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. పాత పుస్తకంలోని వీసా, కొత్త పుస్తకంలోని పేరు ఒకేసారి చూపించినప్పుడు అధికారి ఏ పేరు, ఏ నంబరు ఎక్కించాడో దిగిన రెండుమూడు రోజుల్లోనే చూసుకోవడం అవసరం. ఒక పేరుతో వెతికితే కనిపించకపోతే మరో పేరుతో, పాత పాస్‌పోర్టు నంబరుతో వెతకాలి. నమోదులో పొరపాటు ఉంటే 'డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్' అనే కార్యాలయాల్లో సరిచేస్తారు.

ఐ-94లో పేరుకన్నా ప్రమాదకరమైనది తేదీ. భర్త హెచ్‌1బీ మూడేళ్లు ఉన్నా, భార్య పాస్‌పోర్టు ఏడాదిలో ముగిసేదైతే ఆ ఏడాదికే ఐ-94 ఇవ్వడం పరిపాటి. ఆ తర్వాత ఆమె పేరు మార్పుతో పదేళ్ల పాస్‌పోర్టు తీసుకుంటుంది. చేతిలో కొత్త పుస్తకం ఉంది, భర్త వీసా ఉంది, ఇక భయం లేదనుకుంటుంది. కానీ ఐ-94 తేదీ తనంతట తాను మారదు. ఆ తేదీలోగా ఐ-539 ఫారంతో పొడిగింపు కోరాలి, లేదా దేశం దాటి వెళ్లి మళ్లీ ప్రవేశించి కొత్త ఐ-94 తెచ్చుకోవాలి. మరిచిపోయి 180 రోజులు దాటి అక్రమంగా ఉండి, ఆ తర్వాత దేశం విడిచి వెళితే 3 ఏళ్లు, ఏడాది దాటి ఉంటే 10 ఏళ్లు తిరిగి రానివ్వకూడదని చట్టం. పేరు మార్పు హడావుడిలో ఉన్న కుటుంబాలు అక్షరాలన్నీ సరిచూసుకుని, అంకెను వదిలేయడం ఇక్కడే జరుగుతుంది. పొడిగింపు దరఖాస్తులో కొత్త పేరు రాసి, పాత పేరును 'వాడిన ఇతర పేర్లు' గడిలో చూపిస్తే ఇమిగ్రేషన్ రికార్డులో రెండూ కలుస్తాయి. హెచ్‌4 మీద ఉండి పనిచేసుకునే అనుమతి కార్డు, అంటే ఈఏడీ, 2015 మే నుంచి కొందరు భార్యలకు దొరుకుతోంది. భర్తకు గ్రీన్‌కార్డు ప్రక్రియలో యజమాని వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమై ఉండటం అందుకు ప్రధాన అర్హత. ఆ కార్డు మీద పేరు కూడా ఈ రికార్డును బట్టే వస్తుంది.

అందుకే అమెరికాలో వరుస ముఖ్యం. ముందు పాస్‌పోర్టు, తర్వాత ఇమిగ్రేషన్ పత్రాలు, ఆ తర్వాత ఉద్యోగానికీ పన్నుకూ వాడే సోషల్ సెక్యూరిటీ నంబరు రికార్డు, దాని తర్వాతే డ్రైవింగ్ లైసెన్సు, చివరగా బ్యాంకు. లైసెన్సు ఇచ్చే రాష్ట్ర కార్యాలయం దరఖాస్తుదారు వివరాలను కేంద్ర ఇమిగ్రేషన్ రికార్డుతో సరిపోల్చుతుంది. ఆ రికార్డులో పాత పేరే ఉంటే లైసెన్సు రోజుల తరబడి ఆగుతుంది. 2025 మే 7 నుంచి దేశీయ విమానాలెక్కడానికి కేంద్ర ప్రమాణాలకు తగిన గుర్తింపు కార్డు చూపాలన్న రియల్ ఐడీ నిబంధన అమల్లోకి వచ్చాక పేరు మారిన ప్రతి మెట్టుకూ కాగితం అడగడం ఎక్కువైంది. ఇక పన్ను. రిటర్నులో రాసే పేరు సోషల్ సెక్యూరిటీ రికార్డులోని పేరుతో కలవకపోతే రీఫండ్ ఆలస్యమవుతుంది. సోషల్ సెక్యూరిటీలో పేరు ఇంకా మారకపోతే ఆ ఏడాది పాత పేరుతోనే రిటర్ను వేయడం క్షేమం.

అమెరికా పౌరుడి భార్యగా వలస వీసా మీద వెళ్లేవారి దారి ఇంకా పొడవు. భర్త ఐ-130 పిటిషన్ వేయడం నుంచి ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ దాకా నెలలూ ఒక్కోసారి ఏడాదిపైనా పడుతుంది. ఇంతకాలంలో పేరు మార్చుకోవాలనిపించడం సహజం. కానీ పిటిషన్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ పత్రంలోని పేరు, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష నివేదిక అన్నీ ఒకే గొలుసు. పోలీసు క్లియరెన్సును మన దగ్గర పాస్‌పోర్టు కార్యాలయమే, పాస్‌పోర్టు వివరాల మీదే ఇస్తుంది. అది చేతికి వచ్చాక పాస్‌పోర్టు మారితే మళ్లీ మొదటికి రావలసిందే. ఈ దారిలో వెళ్లేవారు పిటిషన్ వేయకముందే మార్చుకోవాలి, లేదా గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా ఆగాలి. పుట్టిన తేదీ పత్రం సంగతి మరీ జాగ్రత్త. మన పాత నమోదు పుస్తకాల్లో బిడ్డ పేరు స్థానం ఖాళీగా, 'ఆడ శిశువు' అని మాత్రమే ఉండటం మామూలు. పేరు చేర్పించాల్సి వస్తే అక్కడ పుట్టింటి పేరే చేర్పించాలి; పెళ్లి పేరుతో పుట్టిన తేదీ పత్రం తెచ్చుకోవడం లేనిపోని ప్రశ్నలకు దారి తీస్తుంది.

పెళ్లయి రెండేళ్లు నిండకుండా గ్రీన్‌కార్డు వస్తే అది షరతులతో కూడిన రెండేళ్ల కార్డు. దాని గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో ఐ-751 వేసి షరతులు తొలగించుకోవాలి. ఆ దరఖాస్తులోనే కొత్త పేరు అడగవచ్చు. అప్పటిదాకా ఆగగలిగినవారికి అదే అదను. పదేళ్ల కార్డు ఉన్నవారు ఐ-90 ద్వారా మార్చుకుంటారు. కార్డు ఒక పేరుతో, పాస్‌పోర్టు మరో పేరుతో ఉన్నా ప్రయాణం నిషేధం కాదు, వివాహ పత్రం వెంట ఉండాలి. ఇక అమెరికా పౌరసత్వం తీసుకునేవారికి చివరిగా ఒక సులువైన తలుపు తెరుచుకుంటుంది. పౌరుడి భార్య అయితే గ్రీన్‌కార్డు తర్వాత 3 ఏళ్లకు, మిగతావారు 5 ఏళ్లకు వేసే ఎన్-400 దరఖాస్తులో కొత్త పేరు కోరితే, కోర్టులో జరిగే ప్రమాణ స్వీకారంలో న్యాయమూర్తి ఆ పేరును ఖరారు చేస్తారు. ఎఫ్ఎన్‌యూతో ఏళ్లతరబడి బతికిన తెలుగువారెందరో తమ పేరును ఈ తలుపు గుండానే తిరిగి తెచ్చుకున్నారు. పౌరసత్వ పత్రంలో పేరు, అప్పగించాల్సిన భారతీయ పాస్‌పోర్టులో పేరు వేరైతే, భారత్‌తో బంధమున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు దరఖాస్తుకు ఆ కోర్టు కాగితం తప్పక జతచేయాలి.

ఈ కథకు మరో వైపూ ఉంది. తెలుగు అబ్బాయినో అమ్మాయినో పెళ్లాడి హైదరాబాద్‌లో, విశాఖలో కాపురం పెట్టిన విదేశీయులూ ఉన్నారు. వారికి మొదట దొరికేది ఎక్స్ తరగతి ప్రవేశ వీసా. అది 180 రోజులకు మించినదైతే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఈ పనులు 2018 నుంచి ఈ-ఎఫ్ఆర్‌ఆర్ఓ పోర్టల్‌లో సాగుతున్నాయి. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమలవుతోంది. పాస్‌పోర్టులో పేరు మారితే కొత్త పుస్తకం వివరాలను, పాత వీసా ప్రతిని, వివాహ పత్రాన్ని జతచేసి ఈ నమోదును సరిచేయించుకోవాలి. పెళ్లి నమోదై రెండేళ్లు నిలిచాక విదేశీ జీవిత భాగస్వామి ఓసీఐ కార్డుకు అర్హులు. పుట్టుకతో ఓసీఐ అర్హత ఉన్నవారికీ, పెళ్లితో వచ్చినవారికీ ఇక్కడ తేడా ఉంది. పెళ్లి ద్వారా కార్డు పొందినవారు కొత్త పాస్‌పోర్టు తీసుకున్న ప్రతిసారీ మూడు నెలల్లోగా దాని ప్రతిని, కొత్త ఫొటోను, వివాహం కొనసాగుతోందన్న ప్రకటనను పోర్టల్‌లో పెట్టాలి. 2021లో వచ్చిన సడలింపుల్లోనూ ఈ షరతు నిలిచింది. పేరే మారితే కార్డునే తిరిగి జారీ చేయించుకోవాలి. విడాకులైతే ఆ కార్డు రద్దు చేయవచ్చు. కాబట్టి మన ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వచ్చిన విదేశీయులకు ఈ గడువులు గుర్తుచేయడం ఆ ఇంటివారి బాధ్యత.

పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు. చాలా ఇళ్లలో దాన్ని ఇక పనికిరాదని పాత పుస్తకాల అట్టపెట్టెలో పడేస్తారు. అందులో పాత పేరుంది, పాత వీసాలున్నాయి, ప్రవేశ ముద్రలున్నాయి. పేరు మారిన ఆడపిల్ల ఇరవై ఏళ్ల తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేసినా, ఓసీఐ అడిగినా, తల్లిదండ్రులకు వీసా పెట్టినా ఆ పుస్తకం మళ్లీ బల్ల మీదికి రావలసిందే. దాన్ని వివాహ పత్రంతో కలిపి ఒకే కవరులో భద్రపరచండి.